పాత కుట్టుతో, కొత్త నొప్పులతో వచ్చిన తల్లికి ఆసుపత్రి బాధ్యత ఏమిటి?

మొదటి కాన్పు సిజేరియన్ అయిన స్త్రీ రెండోసారి నొప్పులతో ఆసుపత్రికి వచ్చి, ఈసారి మామూలు కాన్పుకు ప్రయత్నిస్తానని అడిగితే ఆ ఆసుపత్రి ఏమి చేయాలి? మన ఊళ్లలో దీనికి వినిపించే జవాబు ఒకటే: మొదటిది ఆపరేషన్ అయితే రెండోదీ ఆపరేషనే. వైద్యశాస్త్రం ప్రకారం ఈ జవాబు సగమే నిజమనీ, న్యాయం ప్రకారం దీన్ని జవాబుగానే లెక్కించకూడదనీ నేను నమ్ముతున్నాను. పాత కుట్టు ఉన్నవారికి సహజ కాన్పు చేయించే ఏర్పాట్లు తమ దగ్గర లేవని చెప్పుకునే స్వేచ్ఛ ఏ ఆసుపత్రికైనా ఉంటుంది. అయితే ఆ మాటను మూడో నెలలోనో నాలుగో నెలలోనో, ఆమెకు ఇంకో చోటు వెతుక్కునే వ్యవధి ఉన్నప్పుడు చెప్పాలి. ఎనిమిది నెలలు చీటీ మీద చీటీ రాస్తూ, స్కానింగుల మీద స్కానింగులు చేయిస్తూ, ఆ ప్రస్తావన వచ్చినప్పుడల్లా దాటవేసి, చివరికి నొప్పులు మొదలైన రాత్రి మొదటిసారిగా ఆ మాట చెప్పడం మాత్రం బాధ్యత నుంచి తప్పుకోవడమే.

ఈ ప్రశ్న దేశంలో మరెక్కడా లేనంత తీవ్రంగా తెలుగు నేల మీద ఉంది. 2019-21 మధ్య జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద నూటికి 21.5 కాన్పులు సిజేరియన్ ద్వారా జరిగితే, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7 జరిగాయి. రాష్ట్రాలన్నిటిలోకీ తెలంగాణదే పైస్థానం. అక్కడి ప్రైవేటు ఆసుపత్రులను విడిగా లెక్కిస్తే ఆ సంఖ్య 81.5కు చేరుతుంది, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5 దగ్గర ఉంటుంది. ముహూర్తాల పట్టింపు, నొప్పుల భయం, ప్యాకేజీల లెక్కలు, రాత్రి వేళ లేబర్ రూములో చాలినంత సిబ్బంది లేకపోవడం వంటి కారణాల గురించి ఇప్పటికే ఎంతోమంది రాశారు కనుక నేను వాటి జోలికి పోవడం లేదు. ఆ తర్వాత ఏమి జరుగుతుందన్నదే నన్ను కలవరపెడుతోంది. పదిమంది తల్లుల్లో ఆరుగురికి కోత పడిన చోట, రెండో కాన్పుకు వచ్చేవారిలో చాలామంది గర్భసంచి మీద మచ్చతోనే వస్తారు. వారందరికీ ఒకే జవాబు సిద్ధంగా ఉంచుకున్న వ్యవస్థలో ప్రతి మొదటి సిజేరియన్ రెండు సిజేరియన్లకు ఒకేసారి చేసిన నిర్ణయమవుతుంది, ఆ సంగతి మొదటిసారి సంతకం పెట్టేటప్పుడు ఎవరూ చెప్పరు.

ఈ జవాబు పుట్టుక కూడా తెలుసుకోదగినదే. న్యూయార్క్ వైద్యుడు ఎడ్విన్ క్రాగిన్ 1916లో, ఒకసారి సిజేరియన్ అయితే ఇక ఎప్పుడూ సిజేరియనే అన్న అర్థం వచ్చే మాట రాశారు. ఆ రోజుల్లో గర్భసంచి పైభాగాన్ని నిలువుగా కోసేవారు. ఆ మచ్చ తర్వాతి నొప్పుల్లో విడిపోయే ప్రమాదం నిజంగానే ఎక్కువ. పైగా అనవసరంగా మొదటి సిజేరియన్ చేయవద్దని తోటి వైద్యులను హెచ్చరించడం ఆయన ఉద్దేశం. ఆ సందర్భంలోనే సిజేరియన్ తర్వాత మామూలుగా ప్రసవించిన స్త్రీలు ఉన్నారని కూడా ఆయన ఒప్పుకున్నారు. తర్వాతి దశాబ్దాల్లో గర్భసంచి కింది భాగంలో అడ్డంగా కోసే పద్ధతి వచ్చి స్థిరపడింది, ప్రమాదం ఎన్నో రెట్లు తగ్గింది, కానీ ఆ వాక్యం మాత్రం తన కారణాన్ని పోగొట్టుకున్నాక కూడా బతికే ఉంది.

కింది భాగంలో అడ్డంగా ఒకే కోత ఉండి, ఇతరత్రా ఇబ్బందులు లేని స్త్రీ నొప్పులకు సిద్ధపడితే, ప్రతి నలుగురిలో సుమారు ముగ్గురికి మామూలు కాన్పు అవుతుందని బ్రిటన్‌లోని ప్రసూతి వైద్యుల వృత్తి సంస్థ రాయల్ కాలేజీ 2015 మార్గదర్శకాల్లో లెక్క చెప్పింది. అంతకుముందు ఒక్కసారైనా సహజంగా ప్రసవించి ఉంటే ఆ అవకాశం నూటికి 85 నుంచి 90 దాకా పెరుగుతుంది. ఇక భయపెట్టే అంకెను కూడా దాచకుండా చెప్పాలి: పాత కుట్టు విడిపోయి గర్భసంచి చిట్లే ప్రమాదం సుమారు 200 మందిలో ఒకరికి ఉంటుంది. అలా జరిగినప్పుడు బిడ్డ ప్రాణం నిమిషాల మీద ఆధారపడుతుంది, తల్లికి రక్తం ఎక్కించాల్సి రావచ్చు, అరుదుగా గర్భసంచి తీసివేయాల్సి రావచ్చు. నొప్పుల ప్రయత్నంలో బిడ్డను కోల్పోయే ప్రమాదం 10,000లో సుమారు నాలుగు అనీ, ముందే తేదీ పెట్టుకుని చేసే సిజేరియన్‌లో అది ఒకటికి మించదనీ అదే పత్రం చెబుతుంది. అంటే రెండు దారుల మధ్య తేడా ఉంది; ఆ తేడాను తక్కువ చేసి చూపడం కూడా మోసమే. అయితే 10,000లో నాలుగు అన్నది మొదటిసారి నొప్పులు పడే ఏ స్త్రీకైనా ఉండే ప్రమాదంతో సమానమని కూడా ఆ మార్గదర్శకాలు చెబుతున్నాయి. తొలి కాన్పుకు వచ్చిన అమ్మాయిని ఇదే ప్రమాదంతో మనం రోజూ లేబర్ రూములోకి పంపుతున్నాం, దాన్ని ఎవరూ సాహసం అనడం లేదు.

అందరికీ ఈ దారి కుదరదు. పాత కోత నిలువుగా పై దాకా ఉన్నవారూ, ఇంతకుముందు ఒకసారి గర్భసంచి చిట్లినవారూ, మాయ కిందికి వచ్చి దారిని మూసినవారూ నొప్పుల కోసం ఎదురుచూడకూడదు. మొదటి కాన్పుకూ రెండోదానికీ మధ్య వ్యవధి ఏడాదిన్నరకు మించని వారిలో ప్రమాదం పెరుగుతుంది. నొప్పులు రావడానికో, వేగం పెరగడానికో మందులిస్తే చిట్లే ప్రమాదం రెండు మూడు రెట్లవుతుంది. ఈ విషయాలన్నీ లేబర్ రూములో ఉన్న వైద్యులకు తెలుసు. తెలిసినదాన్ని ఎదురుగా ఉన్న మనిషి పరిస్థితికి అన్వయించి చూడాలన్నదే నేను అడుగుతున్నది. చూసిన తర్వాత, "అమ్మా, నీ విషయంలో ఇది మంచిది కాదు, కారణం ఇదీ" అని చెబితే దాన్ని నేను పూర్తిగా గౌరవిస్తాను.

రెండో సిజేరియన్ వైపు ప్రమాదాలను మన ఆసుపత్రుల్లో దాదాపు ఎవరూ ప్రస్తావించరు. ప్రతి కోతతో లోపలి అతుకులు పెరుగుతాయి, తర్వాతి గర్భంలో మాయ పాత మచ్చ మీద నాటుకుని కండలోకి చొచ్చుకుపోయే ప్రమాదం పెరుగుతుంది. 2006లో వెలువడిన ఒక పెద్ద అమెరికా అధ్యయనంలో, మాయ కిందికి ఉన్న స్త్రీలలో ఇలా చొచ్చుకుపోవడం మొదటి సిజేరియన్ సమయంలో నూటికి ముగ్గురిలో, రెండోదానికి 11 మందిలో, మూడోదానికి 40 మందిలో కనిపించింది. దీనికి మన దగ్గర ఒక ఎదురు వాదన ఉంది, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను: మన కుటుంబాల్లో రెండో బిడ్డతోనే ఆపేస్తారు, సిజేరియన్‌తో పాటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా అయిపోతుంది, ఇక మూడో గర్భం గురించి భయమెందుకు అంటారు. పైన చెప్పిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన స్త్రీలలో నూటికి దాదాపు 70 మంది ఆ ఆపరేషన్ చేయించుకున్నట్టు తేలింది కనుక ఈ వాదనకు నేల మీద ఆధారం ఉంది. అయినా, మామూలు కాన్పు అయిన వారంలోపు బొడ్డు కింద చిన్న కోతతో ఆ ఆపరేషన్ చేయవచ్చు; దాని కోసం గర్భసంచిని మళ్లీ తెరవనక్కర లేదు. పైగా మూడో బిడ్డ వద్దనే నిర్ణయమూ, ఈ బిడ్డను ఎలా కనాలన్న నిర్ణయమూ రెండు వేర్వేరు నిర్ణయాలు. ఒకే కాగితం మీద, ఒకే సంతకంతో రెండింటినీ కలిపేయడం ఎంత అలవాటైపోయిందంటే, అందులో తప్పేముందని అడిగేవారే ఎక్కువ.

మా చెల్లెలి రెండో కాన్పు సమయంలో నేను దగ్గరే ఉన్నాను. మొదటి బిడ్డ ఎదురుకాళ్లతో ఉండటం వల్ల మా పుట్టింటి ఊళ్లో ఆమెకు సిజేరియన్ అయింది. మూడేళ్ల తర్వాత మా మరిది ఉద్యోగం చేసే నగరంలో రెండో గర్భం, ఈసారి బిడ్డ తల కిందికే ఉంది, బరువూ మామూలే. ఐదో నెల నుంచి ఆమె ప్రతి చెకప్‌లోనూ అడుగుతూనే ఉంది, ప్రతిసారీ "చూద్దాంలేమ్మా, ఇంకా టైముంది కదా" అన్న మాటే వచ్చింది. తొమ్మిదో నెలలో, ఒక రాత్రి నొప్పులతో వెళ్లినప్పుడు డ్యూటీలో ఉన్న డాక్టరు పాత రికార్డు అడిగారు. డిశ్చార్జి సమ్మరీలో ఆపరేషన్ జరిగిన తేదీ, ఇచ్చిన మందులు తప్ప కోత ఎలా పడిందో లేదు. "మొదటిది సిజేరియన్ కదా, మేం అలాంటివి చేయం" అని చెప్పి, సిస్టర్‌తో కాగితాలు తెప్పించి మా మరిది చేతికిచ్చారు. మా చెల్లెలు మంచం మీద కూర్చుని, నొప్పికీ నొప్పికీ మధ్య ఊపిరి తీసుకుంటూ, అన్నీ వింటూనే ఉంది. "మేడం, నన్నడగండి, నేనిక్కడే ఉన్నాను కదా" అంది. "ఇప్పుడు మాట్లాడే టైము కాదమ్మా" అన్నారు ఆమె. మా మరిది సంతకం పెట్టాడు. బిడ్డ క్షేమం, చెల్లెలూ క్షేమం. ఆ ఆపరేషన్ అవసరమై ఉండవచ్చు, కాకపోయి ఉండవచ్చు. ఆ ప్రశ్నతో ఆమెను ఎవరూ పరీక్షించలేదు కనుక ఇక అది ఎప్పటికీ తేలదు. ఐదో నెల నుంచి తొమ్మిదో నెల దాకా మాట్లాడటానికి ఉన్న సమయమంతా ఎక్కడికి పోయిందన్నదే నా ఫిర్యాదు.

ఆ సంతకం సంగతి కొంచెం వివరంగా చూడాలి. మన దేశంలో భర్త సంతకం లేనిదే థియేటర్ తలుపు తెరుచుకోదని అందరూ నమ్ముతారు. భారత వైద్య మండలి 2002లో చేసిన వృత్తి నియమాల్లో కూడా ఆపరేషన్‌కు ముందు భర్త లేక భార్య, మైనరైతే తల్లిదండ్రులు లేక సంరక్షకులు, లేదా రోగి స్వయంగా, సందర్భాన్ని బట్టి రాతపూర్వకంగా సమ్మతి ఇవ్వాలని ఉంది. ఈ అస్పష్టమైన వరస నుంచే మన ఆసుపత్రుల అలవాటు బలం తెచ్చుకుంది. కానీ 2008 జనవరిలో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత ఈ విషయంలో సందేహానికి తావు లేదు. ఆ కేసులో, పరీక్ష కోసం మత్తులో ఉన్న 44 ఏళ్ల స్త్రీకి, బయట కూర్చున్న తల్లి చేత సంతకం చేయించుకుని గర్భసంచి, అండాశయాలు తీసివేశారు. స్పృహలోకి వచ్చి తనంతట తాను నిర్ణయించుకోగల పెద్ద మనిషికి బదులు మరొకరు సమ్మతి ఇవ్వడం చెల్లదనీ, ఒక ప్రక్రియకు ఇచ్చిన సమ్మతి మరో ప్రక్రియకు వర్తించదనీ, ప్రాణాపాయం ఉండి ఆగడానికి వీల్లేని సందర్భం మాత్రమే దీనికి మినహాయింపనీ కోర్టు తేల్చింది. చేయబోయేది ఏమిటి, ఎందుకు, ఇతర మార్గాలేమిటి, గట్టి ప్రమాదాలేమిటి, ఒప్పుకోకపోతే ఏమవుతుంది అన్నవి చెప్పకుండా తీసుకున్న సమ్మతి సమ్మతే కాదని కూడా చెప్పింది. ఈ ప్రమాణంతో కొలిస్తే, ఇతర మార్గం ఉందన్న మాటే ఎత్తకుండా, నొప్పులు పడుతున్న భార్య పక్కనుండగా భర్త చేత పెట్టించిన సంతకం విలువెంతో ఎవరైనా ఆలోచించవచ్చు.

రెండో ప్రశ్న, అసలు ఆసుపత్రి ఆమెను పంపించివేయవచ్చా అన్నది. 1989లో పరమానంద్ కటారా కేసులో, ప్రభుత్వ వైద్యుడైనా ప్రైవేటు వైద్యుడైనా అత్యవసర స్థితిలో ఉన్నవారి ప్రాణాన్ని కాపాడే బాధ్యత నుంచి తప్పించుకోలేరని సుప్రీంకోర్టు చెప్పింది. రైలు నుంచి పడి గాయపడిన కూలీని కలకత్తాలోని ఆసుపత్రులు ఒకదాని తర్వాత ఒకటిగా మంచాలు లేవని తిప్పి పంపిన ఉదంతంలో, 1996 నాటి పశ్చిమ బెంగాల్ ఖేత్ మజ్దూర్ సమితి తీర్పు, ప్రభుత్వ ఆసుపత్రి సకాలంలో వైద్యం అందించకపోవడం రాజ్యాంగం 21వ అధికరణం హామీ ఇచ్చిన జీవించే హక్కును ఉల్లంఘించడమేనని స్పష్టం చేసింది. వైద్యుడు తన రోగులను ఎంచుకోవచ్చు గాని అత్యవసర పరిస్థితిలో పిలుపుకు స్పందించాలని వృత్తి నియమాలూ చెబుతున్నాయి. పాత కుట్టుతో నొప్పులు పడుతున్న స్త్రీ అత్యవసర స్థితిలో ఉన్నట్టు కాదని ఏ వైద్యుడూ అనలేరు, ఎందుకంటే ఆపరేషన్‌కు తొందర పెట్టేటప్పుడు వారు చెప్పే కారణమే అది.

ఈ విషయంలో అమెరికా అనుభవం మనకు పనికివస్తుంది. అక్కడ కాన్పులవుతున్న మన ఆడపిల్లల సంఖ్య తక్కువేమీ కాదు కనుక అది పరాయి సంగతి కూడా కాదు. 1986లో అక్కడి కాంగ్రెస్ చేసిన అత్యవసర వైద్య చట్టం ప్రకారం, మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా సొమ్ము తీసుకునే ఆసుపత్రి అత్యవసర విభాగానికి నొప్పులతో వచ్చిన స్త్రీని పరీక్షించి తీరాలి. సురక్షితంగా మరో చోటికి చేర్చే వ్యవధి లేకపోయినా, తరలింపు వల్ల తల్లికో బిడ్డకో హాని జరిగే అవకాశం ఉన్నా అక్కడే కాన్పు చేయాలి. బిడ్డా మాయా బయటికి వచ్చేదాకా ఆమె పరిస్థితి కుదుటపడినట్టు ఆ చట్టం లెక్కించదు. ఈ చట్టం సిజేరియన్ తర్వాత సహజ కాన్పు చేయించి తీరాలని ఏ ఆసుపత్రికీ చెప్పదు. పంపివేయకూడదని మాత్రం చెబుతుంది. ఒప్పుకోని ఆపరేషన్ చేయకూడదన్నది వేరే న్యాయసూత్రం నుంచి వస్తుంది. ఈ రెండూ కలిసిన చోట ఆసుపత్రికి మిగిలేది ఒక్కటే మార్గం: ఆమెను చేర్చుకుని, ఆమె నొప్పులను శ్రద్ధగా కనిపెట్టి ఉండటం.

అయినా అక్కడ కూడా ఇది అంత సులువుగా సాగలేదు. సిజేరియన్ తర్వాత సహజంగా ప్రసవించిన వారు 1996లో నూటికి 28 మంది ఉండేవారు. 1999లో అమెరికా ప్రసూతి వైద్యుల కాలేజీ, అత్యవసర ఆపరేషన్ చేయగల బృందం తక్షణమే అందుబాటులో ఉన్న చోటే దీన్ని ప్రయత్నించాలని రాసింది. మాట మంచిదే, కానీ రాత్రంతా మత్తు డాక్టరును కూర్చోబెట్టలేని చిన్న ఆసుపత్రులు ఏకంగా నిషేధమే పెట్టేశాయి, పదేళ్లలో ఆ సంఖ్య పదికి దిగువకు పడిపోయింది. 2010లో జాతీయ ఆరోగ్య సంస్థలు ఏర్పాటు చేసిన నిపుణుల మండలి ఈ అడ్డంకుల మీద ఆందోళన తెలిపి, ఆ షరతును మళ్లీ పరిశీలించమని కోరింది. అదే ఏడాది కాలేజీ తన మార్గదర్శకాలను సవరిస్తూ, ఆసుపత్రి విధానం పేరుతో స్త్రీ ఇష్టానికి వ్యతిరేకంగా సిజేరియన్ చేయించుకోమని బలవంతపెట్టకూడదని రాసింది. అంతకు ముందే, 1987లో వాషింగ్టన్‌లో క్యాన్సర్‌తో మరణశయ్య మీద ఉన్న ఒక గర్భిణికి కోర్టు ఉత్తర్వుతో సిజేరియన్ చేస్తే బిడ్డా తల్లీ ఇద్దరూ దక్కలేదు. 1990లో పై కోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేస్తూ, దాదాపు అన్ని సందర్భాల్లోనూ తల్లి నిర్ణయానిదే పైచేయి కావాలని చెప్పింది.

ఇప్పుడు వైద్యుల వైపు నుంచి చూడాలి, ఎందుకంటే వారి భయం ఉత్తిది కాదు. వైద్య సేవలు వినియోగదారుల చట్టం కిందికి వస్తాయని 1995లో సుప్రీంకోర్టు తేల్చిన నాటి నుంచి ప్రతి కాన్పు వెనకా కోర్టు నోటీసు నీడ ఉంది. అంతకన్నా దగ్గరి భయం బంధువుల గుంపుది: బిడ్డకు ఏదైనా జరిగితే అద్దాలు పగులుతాయి, డాక్టరు మీద చేయి పడుతుంది, నర్సులు గదుల్లో దాక్కుంటారు. సిజేరియన్ చేసి బిడ్డ పోతే దురదృష్టమంటారు, మామూలు కాన్పుకు ప్రయత్నించి బిడ్డ పోతే నిర్లక్ష్యమంటారు. ఈ అన్యాయాన్ని సమాజం సరిచేయాలి, దాడులు చేసేవారిని శిక్షించాలి. కానీ ఆ భయాన్ని తగ్గించే మార్గం కూడా నేను అడుగుతున్న బాధ్యతలోనే ఉంది. ఐదో నెలలో భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి, 200లో ఒకరన్న అంకెను చెప్పి, అలా జరిగితే ఏమి చేస్తారో, ఎంత సమయంలో చేయగలరో చెప్పి, ఆమె చేత ఆమె భాషలో రాయించుకున్న కాగితం ఉన్న వైద్యురాలికీ, అర్ధరాత్రి భర్త చేత పెట్టించిన ముద్రిత ఇంగ్లీషు ఫారం ఉన్న వైద్యురాలికీ మధ్య కోర్టులో ఎవరికి ఎక్కువ రక్షణ ఉంటుందో చెప్పనక్కర లేదు.

మత్తు డాక్టరు రాత్రిపూట ఉండరు, ఫోన్ చేస్తే అరగంటలో వస్తారు అన్నది చిన్న పట్టణాల నర్సింగ్ హోములు చెప్పే కారణం. ఇది నిజమైన ఇబ్బందే. కానీ దీన్ని చివరిదాకా ఆలోచిస్తే ఎక్కడికి చేరతామో చూడాలి. తొలి కాన్పు నొప్పుల్లో ఉన్న అమ్మాయికి బొడ్డుతాడు ముందుకు జారవచ్చు, మాయ ముందే విడిపోవచ్చు, బిడ్డ గుండె ఉన్నట్టుండి పడిపోవచ్చు. అప్పుడు కూడా నిమిషాలే లెక్క. నిమిషాల్లో ఆపరేషన్ చేయలేమని పాత కుట్టు ఉన్న స్త్రీకి చెబుతున్న ఆసుపత్రి, అదే మాట తొలిచూలు అమ్మాయికి ఎందుకు చెప్పడం లేదు? చెప్పకపోవడానికి కారణం, ఆమెకు ఆ ప్రశ్న తెలియకపోవడమే.

చేర్చుకున్న తర్వాత చేయాల్సినవి ఏ లేబర్ రూముకూ కొత్త కాదు. పాత రికార్డు తెప్పించాలి, దొరకకపోతే మొదటి ఆపరేషన్ ఎన్నో నెలలో, ఏ కారణంతో జరిగిందో అడిగి అంచనా వేయాలి. నెలలు నిండాక మామూలు కారణంతో జరిగినదైతే కోత కింది భాగంలోనే పడి ఉండే అవకాశం చాలా ఎక్కువ. రక్తం గ్రూపు చూసి సిద్ధంగా ఉంచాలి, చేతికి సెలైన్ దారి పెట్టాలి, మత్తు డాక్టరుకు ముందే కబురు పెట్టాలి. బిడ్డ గుండె వేగాన్ని గ్రాఫ్ మీద నిరంతరం గమనించాలి, ఎందుకంటే కుట్టు విడిపోతున్నప్పుడు ఎక్కువసార్లు మొదట తేడా చూపేది ఆ గ్రాఫే. నొప్పికీ నొప్పికీ మధ్య కూడా తగ్గని పొత్తికడుపు నొప్పి, రక్తస్రావం, మూత్రంలో రక్తం, కిందికి దిగిన తల మళ్లీ పైకి పోవడం, తల్లి నాడి వేగం పెరగడం తర్వాతి సూచనలు. నొప్పులు రప్పించడానికి మిసోప్రోస్టాల్ మాత్ర వాడకూడదు. అన్నిటికీ మించి ఆమె పక్కన ఒక మనిషి ఉండాలి. తెలంగాణ ప్రభుత్వం 2017లో యూనిసెఫ్‌తోనూ, హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఆసుపత్రితోనూ కలిసి కరీంనగర్‌లో నర్సులకు వృత్తి మంత్రసానులుగా పదునెనిమిది నెలల శిక్షణ మొదలుపెట్టింది. మరుసటి ఏడాదే కేంద్రం దేశమంతటికీ మంత్రసాని సేవల మార్గదర్శకాలు తెచ్చింది. నొప్పులు మొదలైనప్పటి నుంచి బిడ్డ పుట్టేదాకా ఒక్క తల్లిని కనిపెట్టి ఉండే శిక్షణ పొందిన మనిషి అవసరం ఎవరికైనా అందరికన్నా ఎక్కువగా ఉందంటే అది పాత కుట్టు ఉన్న తల్లికే. ఆ శిక్షణ పొందినవారిని ఇతర వార్డుల్లో ఖాళీలు నింపడానికి వాడుకోకుండా లేబర్ రూములోనే ఉంచడం ప్రభుత్వం చేయగల చాలా చౌకైన మేలు.

నిజంగానే చేయలేని ఆసుపత్రి ఉంటుంది. అలాంటప్పుడు పంపడం తప్పు కాదు, వదిలించుకోవడం తప్పు. ముందు ఆమెను పరీక్షించి, కాన్పు ఎంత దూరంలో ఉందో చూడాలి. దారిలోనే ప్రసవమయ్యే పరిస్థితి ఉంటే కదల్చకూడదు. పెద్దాసుపత్రికి ఫోన్ చేసి, అక్కడ చేర్చుకుంటామన్నాకే 108 పిలవాలి, కాన్పు చేయగల సిస్టర్‌ను వెంట పంపాలి, ఏమేమి చూశారో, ఏమేమి ఇచ్చారో రాసిన కాగితం చేతికివ్వాలి. "పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి" అని రెండు ముక్కలు చెప్పి, గేటు బయట ఆటో వెతుక్కోమనడం రిఫర్ చేయడం అనిపించుకోదు.

ఆమె చివరిదాకా ఆపరేషన్ వద్దంటే, బిడ్డ గుండె పడిపోతోందని డాక్టరు చూపించినా వద్దంటే ఏమి చేయాలన్న ప్రశ్న నన్ను చాలాసార్లు అడిగారు. అలాంటి తల్లిని నేను ఇంతవరకు చూడలేదు. తన మాట విన్నవారు చెబితే, గ్రాఫ్ చూపించి చెబితే, ఒప్పుకోని తల్లి ఉండటం ఎంతో అరుదు. అయినా అలాంటి సందర్భమే వస్తే, ఆమె మనసును మార్చే ప్రయత్నం చివరి నిమిషం దాకా చేయవచ్చు, ఇంకో సీనియర్ డాక్టరు చేత చెప్పించవచ్చు, కానీ చేతులు పట్టుకుని కోయడానికి వీల్లేదు, వైద్యం మానేసి వెళ్లిపోవడానికి అంతకన్నా వీల్లేదు.

ఇక ఈ బాధ్యతల్లో మొదటిది రెండో కాన్పుకు ఎంతో ముందు, మొదటి ఆపరేషన్ జరిగిన రోజే మొదలవుతుంది. మన దగ్గర తొలి కాన్పు పుట్టింటి ఊళ్లో, మలికాన్పు తరచుగా అత్తింటి ఊళ్లోనో ఉద్యోగం ఉన్న నగరంలోనో అవుతుంది. మనిషి ప్రయాణం చేస్తుంది, ఆమె గర్భసంచి చరిత్ర మాత్రం మొదటి ఆసుపత్రి బీరువాలోనే ఉండిపోతుంది. కోత అడ్డమా నిలువా, ఎక్కడైనా చీలిక సాగిందా, ఆపరేషన్ చేయడానికి అసలు కారణమేమిటి, ఎంతవరకు నొప్పులు పడ్డాక చేశారు, తర్వాతి కాన్పు సహజంగా ప్రయత్నించవచ్చా అన్న అయిదు విషయాలు డిశ్చార్జి సమ్మరీలో రాయడానికి రెండు నిమిషాలు పడుతుంది. అడిగిన రోగికి 72 గంటల్లోపు రికార్డు ఇవ్వాలని 2002 నాటి వృత్తి నియమాలే చెబుతున్నాయి. సిజేరియన్ అయి ఇంటికి వెళ్తున్న ప్రతి తల్లీ, ఆమెకు తోడున్నవారూ, బిల్లు కట్టే ముందు ఆపరేషన్ నోట్స్ నకలు కావాలని రాతపూర్వకంగా అడగాలి. మలికాన్పుకు మొదటిసారి చూపించుకోవడానికి వెళ్లిన రోజే ఆ నకలు బల్ల మీద పెట్టి, ఇక్కడ ప్రయత్నించే వీలుందా లేదా, లేకపోతే ఎక్కడికి వెళ్లాలి అని అడగాలి. ఆ జవాబును చీటీ మీద రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి ఇవ్వమని ఆసుపత్రిని కోరాలి.